ఆకురాయి తగిలిన ఉంగరం

పోయిన వారం మారెన్‌ను ఒక చేతిలో భూతద్దంతో, ఇంకో చేతిలో గోరంత ప్లాస్టిక్ ఉంగరంతో బల్ల ముందు వదిలి వచ్చాం. పాపం, అప్పటినుంచి అలాగే కూర్చుని ఉంది. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పి ఆమె దగ్గరికి వెళ్దాం.

మారెన్ క్విస్ట్ తొమ్మిదేళ్లు ఎస్బియర్ రేవులో క్రేన్లు బాగుచేసిన మనిషి. ఇంటికి వెళ్లాక బొమ్మ ఇటుకలతో మళ్లీ అవే క్రేన్లు కట్టుకునేది. ఒక ప్రదర్శనలో వాటిని చూసి, యూట్లాండ్ మధ్యలో ఉన్న ఈ బొమ్మల కంపెనీ ఆమెను తొమ్మిది నెలల ఒప్పందం మీద పిలిచింది. ఇచ్చిన పని వినడానికి చిన్నదే. రిమోట్‌తో నడిచే ఇటుకల క్రేన్ లారీ. అందులో ఒకే మోటారు నాలుగు పనులు చేయాలి. లారీ ఒరగకుండా నేలకు ఆనే కాళ్లు దింపాలి, క్రేన్ చెయ్యి ఎత్తాలి, ఆ చేతిని ముందుకు చాపాలి, కొక్కెం తాడు చుట్టాలి. నాలుగింటిలో ఇప్పుడు ఏది అన్నది ఎంచేందుకు ఇంకో బుల్లి మోటారు ఉంటుంది. ఆ రెండు మోటార్ల కాపురం చక్కబెట్టే గేర్ బాక్సు మారెన్ కట్టాలి.

ఏడు వారాలు ఆ కాపురం కుదరలేదు. లోపల ఇరుసు మీద అటూ ఇటూ జరిగే ఉంగరం ఒకటుంది. దాని పళ్లు ఏ చక్రాన్ని కరుచుకుంటే ఆ పని జరుగుతుంది. కొక్కేనికి బరువు లేనప్పుడు అది బుద్ధిగానే మారేది. బరువు తగిలించి చెయ్యి ఎత్తించాక మాత్రం ఆ పళ్లు పట్టిన పట్టు వదిలేవి కావు. బుల్లి మోటారు టకటకమని జారడమే తప్ప ఉంగరం బయటికి రాదు. లారీ చెయ్యెత్తి అలా నిలబడిపోయేది. అలాంటిది, ఈ సోమవారం పొద్దున మారెన్ వచ్చి రిమోట్ నొక్కితే నాలుగు పనులూ అడ్డు లేకుండా మారాయి. విభాగం పెద్ద యూటె వచ్చి చూసి "ఫర్వాలేదు" అంది. యూట్లాండ్‌లో అంతకు మించిన మెప్పు లేదు.

ఎందుకు బాగైందో మారెన్‌కు తెలియదు. తెలియకపోయినా నాలుగు రోజులు మెప్పులు తీసుకుంటూ ఊరుకుంది, ఆ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. శుక్రవారం పొద్దున మనసు ఆగక లారీ విప్పి చూస్తే ఉంగరం పళ్ల అంచులు ఎవరో ఆకురాయితో రుద్దినట్టు ఉన్నాయి.

అది ఎంత పెద్ద విషయమో ఆ కంపెనీలో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. అక్కడ ఆలస్యంగా రావచ్చు, పెద్దవాళ్లతో వాదించవచ్చు, ఇతరుల కప్పులో కాఫీ తాగినా చూసీ చూడనట్టు పోతారు. ముక్కను మాత్రం కోయకూడదు, రుద్దకూడదు, జిగురు పెట్టకూడదు. పిల్లల పెట్టెలోకి ఏ ముక్క వెళ్తుందో సరిగ్గా ఆ ముక్కతోనే కట్టాలి. ముక్కకు ఆకురాయి తగిలిందంటే అది మోసమే, దానికి ఇంకో పేరు లేదు.

అదే రోజు ఒంటిగంటకు కొత్త సంచీ పరీక్ష. ఏ బండినైనా ఖాయం చేసే ముందు, గోదాము నుంచి సీలు వేసిన ముక్కల సంచీ తెప్పించి, ఆ బండిని ఎన్నడూ చూడని మనిషి చేత కాగితాలు చూపించి కట్టిస్తారు. అది బరువుతో మూడుసార్లు నాలుగు పనులూ చేస్తే బండి ఖాయం, మారెన్ ఉద్యోగం ఖాయం. చేయకపోతే సోమవారం నుంచి మళ్లీ రేవే. రేవు చెడ్డదని కాదు. కాని బొమ్మలు కట్టడం చేతకాక తిరిగొచ్చిందన్న పేరుతో ఆ గేటు దాటడం మారెన్‌కు ససేమిరా ఇష్టం లేదు.

తలుపు తోసుకుని అస్గర్ వచ్చాడు. అస్గర్ టోఫ్ట్ ముప్ఫయ్యొక్క ఏళ్లుగా అక్కడ గేర్లు కడుతున్న మనిషి. తొమ్మిది నెలలుగా మారెన్ పక్క బల్ల అతనిదే. ఆమెకు పని నేర్పింది అతనే. ఈ రోజు అతని చివరి రోజు, మూడింటికి వీడ్కోలు.

"శుక్రవారాలు పెట్టే రొట్టెలు అయిపోయాయి" అన్నాడు. "గసగసాలది ఒక్కటి నీకోసం దాచాను. కింద యూటె రెండుసార్లు అడిగింది, ఇవ్వలేదు."

మారెన్ రొట్టె అందుకోలేదు. ఉంగరాన్ని అరచేతిలో పెట్టి చూపించింది. "ఇది నువ్వేనా?"

అస్గర్ కాఫీ కప్పు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు. కాదనడానికి ఎంతోసేపు పట్టదు. అతను కాదనలేదు.

"భూతద్దం లేకపోతే కనబడదులే" అన్నాడు.

"నాకు కనబడింది."

"నీ కళ్లు రేవు కళ్లు. అందరికీ ఉండవు." నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "ఆదివారం వచ్చాను. నువ్వు పడుతున్న బాధ చూడలేకపోయాను. ఒక్కో పన్నుకు మూడు రుద్దులు. రెండయితే పట్టు వదలదు, నాలుగయితే పని మధ్యలోనే జారిపోతుంది. మూడే. ఆ లెక్క నా చేతికి తెలుసు."

మారెన్ తిట్టడానికే నోరు తెరిచింది. ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది.

"చేతికెలా తెలుసు?"

అస్గర్ కిటికీ వైపు తిరిగాడు. బయట గాలివానకు కిటికీ అద్దం మీద నీళ్లు అడ్డంగా పారుతున్నాయి. అతను వాటిని చూస్తూ నిలబడ్డాడు.

"మూడు రుద్దులని చేతికి తెలియాలంటే అంతకు ముందు రుద్ది ఉండాలి. ఎప్పుడు రుద్దావు అస్గర్?"

"కూర్చోనీ" అని అతను కుర్చీ లాక్కున్నాడు. ఆ నిమిషంలో అరవై ఆరేళ్లూ అతని మీద కనబడ్డాయి.

కింద నడవాలో అద్దాల బీరువా ఉంది. అందులో ఇరవై నాలుగేళ్ల కిందటి ఎర్ర ఫైరింజను. ఒకే మోటారుతో నాలుగు పనులు చేసిన మొదటి బండి అదే. దాని గేర్ బాక్సును అక్కడివాళ్లు ఇప్పటికీ అస్గర్ పెట్టె అంటారు. మారెన్ తన పెట్టెను ఆ డ్రాయింగు పక్కన పెట్టుకునే గీసింది. గురువు దారిలో నడుస్తున్నానని అందరికీ చెప్పుకుంది కూడా.

"అది కూడా వదల్లేదు" అన్నాడు అస్గర్. "బరువు పెడితే ఇరుక్కుపోయేది. నీదానిలాగే. మూడు నెలలు చూశాను. ఒకరోజు ఇంటి నుంచి ఆకురాయి తెచ్చాను. పనిచేసింది. అచ్చుల గదిలో ఐనర్ ఉండేవాడు, పోయాడులే, నీకు తెలీదు. అతనికి చూపించాను. ఒక్క మాట మాట్లాడలేదు. అచ్చులో పళ్ల మూలలు పూడ్చి, రుద్దితే వచ్చే వాలు అచ్చులోనే దిద్దేశాడు. అంతే. ఆ తర్వాత వచ్చిన ఉంగరాలన్నీ వాలుతోనే వచ్చాయి. ఇక మోసమెక్కడిది అనుకున్నాను."

"డ్రాయింగులో వాలు లేదు."

"లేదు. గీస్తే ఎందుకని అడుగుతారు కదా. అప్పటికే నాకు చప్పట్లు కొట్టేశారు."

"తర్వాత?"

"తర్వాతేముంది. అచ్చు అరిగిపోయింది. నాలుగేళ్ల కింద కొత్తది చేయించారు. డ్రాయింగు చూసి చేశారు."

మారెన్‌కు లెక్క అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. నాలుగేళ్లుగా వస్తున్న ఉంగరాలకు వాలు లేదు. ఈ మధ్య ఎవరూ ఇలాంటి పెట్టె కట్టలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. కట్టిన మొదటి మనిషి తనే.

"నేను రెండో వారంలోనే నీ దగ్గరికి వచ్చాను" అంది. "ఉంగరం వదలడం లేదు అస్గర్ అన్నాను. ఇరుసు మార్చి చూడు అన్నావు."

"అన్నాను."

"మార్చాను. మోటారు మార్చమన్నావు, మార్చాను. చక్రాలు దూరం జరపమన్నావు. పెట్టె మొత్తం విప్పి పదకొండుసార్లు కట్టాను. నీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"ఐదు వారాలు నా పక్కన కూర్చుని చూశావు."

"ప్రతి సోమవారం చెప్పేద్దామనుకునేవాణ్ణి. మంగళవారానికి ధైర్యం చాలేది కాదు."

సైకిళ్ల పాక వెనక నిలబడి తను ఏడ్చిన రోజు మారెన్‌కు గుర్తొచ్చింది. ఆ రోజు అస్గరే వచ్చి చేతిరుమాలు ఇచ్చాడు, అందరికీ ఇలాగే ఉంటుంది మొదట్లో అన్నాడు. ఆమెకు కోపం వచ్చింది. కోపం కన్నా ముందు నొప్పి కలిగింది. తన చేతకానితనమే అనుకుని, తొమ్మిదేళ్లు నిజమైన క్రేన్లు నిలబెట్టిన చేతుల్నే ఆమె అనుమానించుకుంది.

"లే. యూటె దగ్గరికి పద. ఇప్పుడే చెప్పేద్దాం."

అస్గర్ లేవలేదు. "మూడింటికి కేకు కోస్తారు. నా మీద పాట కట్టి అచ్చువేయించారట, పద్నాలుగు చరణాలు. నువ్వూ ఒకటి రాశావని క్యాంటీన్ హెన్నీ చెప్పింది."

రాసిన మాట నిజమే. ఎవరి చేయి పట్టుకుని తను గేరు పళ్లు లెక్కపెట్టడం నేర్చుకుందో ఆ చేతి మీద నాలుగు వరుసలు. ఇప్పుడు వాటిని అందరి ముందూ పాడాలి.

"ముప్ఫయ్యొక్క ఏళ్లలో నాకు మిగిలింది ఆ ఎర్ర బండి ఒక్కటే మారెన్. ఈ ఒక్క రోజు గడవనీ."

"ఒంటిగంటకు సంచీ విప్పుతారు. అందులో ఉండేది కొత్త ఉంగరం. అందరి ముందూ ఇరుక్కుంటుంది. నీ రోజు గడుస్తుంది, నా పని అయిపోతుంది."

"ఇరుక్కోదు" అన్నాడు అస్గర్, ఆమె వైపు చూడకుండా. "సంచీ సంగతి నిన్ననే చూశాను. అందులో ఉన్నది రుద్దిన ఉంగరమే. సీలు మళ్లీ వేసి పరీక్ష బల్ల మీద పెట్టాను."

మారెన్ అరచేతిలోని ఉంగరాన్ని మళ్లీ చూసింది.

"పిల్లల పెట్టెల్లోకి వెళ్లేవి రుద్దినవి కావు కదా."

"ముందు బండి ఖాయం కానీ. ఉద్యోగం చేతికొచ్చాక నువ్వే అచ్చు దిద్దించవచ్చు. లోపలి మనిషి మాట వింటారు. సోమవారం రేవు నుంచి ఫోను చేసి చెబితే ఎవరు వింటారు? నీ మంచికే చేశాను."

దుర్మార్గుడైతే తిట్టి పోవచ్చు. ఇతను నిజంగా ఆమె మంచి కోరుతూనే ఆమెను తన గోతిలోకి లాక్కున్నాడు. చెబితే ముసలాయన పరువు అతని వీడ్కోలు రోజునే గంగలో కలుస్తుంది, పైగా రుద్దిన ముక్కతో నాలుగు రోజులు మెప్పు పొందింది తనే కదా. చెప్పకపోతే ఇవాళ్టి నుంచి అతని మోసంలో తనకూ వాటా. కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంది ఆమె మనసు. ఇంతలో యూటె వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"హెన్నీ వచ్చేసింది. రండి ఇద్దరూ. ఏమిటి, వీడ్కోలు ఇప్పుడే మొదలెట్టేశారా?"

పొడుగు బల్ల గదిలో ఓ పక్క కేకు పళ్లేలు, చిన్న చిన్న జెండాలు అప్పుడే సర్ది ఉన్నాయి. పాట కాగితాలు చుట్టలు చుట్టి ఎర్ర రిబ్బను కట్టారు. ఇంకో పక్క హెన్నీ కూర్చుంది. ఆమె క్యాంటీన్‌లో రై రొట్టెల మీద చేపముక్కలు సర్దే మనిషి. బండికి ఆమెకన్నా మంచి పరీక్ష లేదని అక్కడ అందరికీ తెలుసు. అర్థం కాని కాగితం ముందు ఆమె మొహమాటపడదు.

"ఈ బొమ్మ గీసిందెవరు?" అంది మొదటి పది నిమిషాల్లోనే. "ఈ ముక్క ఎడమకా కుడికా? నా పిల్లికి చూపించినా ఇంతే అర్థమవుతుంది."

అందరూ నవ్వారు. మారెన్ కూడా నవ్వింది. నవ్వుతుంటే దవడ నొప్పి పుట్టింది. సంచీ సీలు అంత శుభ్రంగా ఉంది మరి, ఎవరూ రెండోసారి చూడలేదు.

ఇప్పుడు చెబుదాం అనుకుంది హెన్నీ చక్రాలు బిగిస్తున్నప్పుడు. మోటార్లు పెట్టాక చెబుదాం అనుకుంది. హెన్నీ ఉంగరాన్ని రెండు వేళ్లతో తీసి, కాగితం వంక చూసి, ఇరుసు మీదకు ఎక్కించింది. అవతల గోడ దగ్గర అస్గర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. తను చెప్పకూడదు, అతనే చెప్పాలి అనిపించింది మారెన్‌కు. తొమ్మిది నెలలు పక్కన కూర్చున్న మనిషి, ఆ మాత్రం చేస్తాడు. ఆ నమ్మకంతోనే ఒక్కో నిమిషం పోనిచ్చింది.

బండి తయారైంది. కొక్కేనికి బరువు తగిలించారు. హెన్నీ రిమోట్ నొక్కింది. కాళ్లు దిగాయి. చెయ్యి లేచింది, ముందుకు సాగింది, తాడు చుట్టుకుంది. మళ్లీ మొదటి నుంచి. మూడోసారి కూడా ఎక్కడా ఆగలేదు. చప్పట్లు కొట్టారు. అస్గర్ కూడా కొట్టాడు.

"ఫర్వాలేదు" అంది యూటె. ఖాయం చేసే కాగితం మారెన్ ముందు పెట్టి కలం ఇచ్చింది. "ఇక్కడ సంతకం పెట్టు. ఇక మా మనిషివి."

తొమ్మిది నెలలుగా ఆ మాట కోసమే ఎదురుచూసింది మారెన్. కలం మూత కూడా తీసింది. కాగితం మీద తన పేరు అచ్చులో ఉంది, కట్టినవారు అన్న మాట పక్కన. ఏదో ఒక ఇంట్లో చెయ్యెత్తి ఆగిపోయిన లారీ ముందు కూర్చుని, తనకే చేతకాలేదేమో అనుకునే ఎవరో పిల్ల కళ్ల ముందు మెదిలింది. ఆ పిల్ల బాధ ఎలా ఉంటుందో ఏడు వారాలు తను అనుభవించింది.

"ఇంకో సంచీ తెప్పించు యూటె" అంది.

"ఎందుకు?"

"నువ్వే వెళ్లి తీసుకురా. నీ చేత్తో."

"నేను కట్టింది బాగాలేదా?" అంది హెన్నీ.

"నువ్వు కట్టింది బాగుంది హెన్నీ. ముక్క బాగాలేదు."

గదిలో నవ్వులు ఆగిపోయాయి. యూటె వెళ్లి సంచీ తెచ్చింది. మారెన్ దాన్ని అందరి ముందూ చింపి, ఒక్క ఉంగరం మాత్రం తీసుకుని, లారీ విప్పి పాతదాని స్థానంలో పెట్టింది. మళ్లీ బరువు తగిలించి రిమోట్ నొక్కింది. చెయ్యి లేచింది. తర్వాతి పనికి మారమని నొక్కింది. టకటక టకటక. లారీ చెయ్యెత్తి నిలబడిపోయింది. తీసిన ఉంగరాన్ని, కొత్త ఉంగరాన్ని పక్కపక్కన పెట్టి భూతద్దాన్ని యూటె చేతికిచ్చింది.

యూటె చాలాసేపు చూసింది. ఎర్రబడలేదు, అరవలేదు. ఆమె గొంతు తగ్గిందంటే కోపం వచ్చిందని అర్థం.

"సంచీలో రుద్దిన ముక్క ఉందని నీకెలా తెలుసు?"

మారెన్ అస్గర్ వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతాడు. అస్గర్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"తెలిసి, మూడుసార్లు తిరిగేదాకా ఎందుకు ఊరుకున్నావు?"

ఒక మనిషికి సమయం ఇచ్చానని ఆ గదిలో ఎలా చెబుతుంది?

యూటె హెన్నీ విప్పిన ఖాళీ సంచీ తిప్పి, గోదాములో అంటించిన చీటీ చదివింది. సంచీ ఏ ఉద్యోగి గుర్తింపు కార్డు మీద బయటికి వస్తుందో ఆ పేరు దాని మీద దానంతటదే అచ్చవుతుంది. "గురువారం నాలుగుంబావు" అంది. "మారెన్ క్విస్ట్."

మారెన్‌కు నిన్నటి సంగతి తట్టింది. నిన్న సాయంత్రం అస్గర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. రిటైరయ్యే మనిషిని కదా, నా కార్డు అప్పుడే తీసేసుకున్నారు, బ్యాటరీలు తెచ్చుకోవాలి, నీది కాస్త ఇవ్వు అన్నాడు. ఆమె తలెత్తకుండానే మెడలోంచి తీసి ఇచ్చింది.

"అది నేను కాదు" అంది.

"మరెవరు?"

యూటె గోడ దగ్గరున్న అస్గర్ వైపు తిరిగింది. "అస్గర్, తొమ్మిది నెలలుగా ఈమె పక్కన ఉన్నది నువ్వు. నీకేమైనా తెలుసా?"

అస్గర్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు అతని గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది.

"ఏడు వారాలు చాలా కష్టపడింది పాపం. ఆమెతో మరీ కఠినంగా ఉండకు యూటె."

హెన్నీ జాలిగా మారెన్ వంక చూసింది. మిగతావాళ్లు చూడటం కూడా మానేశారు.

"కార్డు ఇటివ్వు మారెన్" అంది యూటె.

మారెన్ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. ఆ చెయ్యి సంగతి వచ్చే వారం చూద్దాం.